మీ పేరుతోనే చూపించుకోండి, డాక్టరమ్మా

ప్రశ్న: విజయవాడలో పీజీ రెండో సంవత్సరం చదువుతున్న డాక్టర్‌ని. ఏడాదిగా డిప్రెషన్. ఇక్కడైతే ఎవరైనా చూస్తారని గుంటూరు వెళ్లి, ఓపీలో వేరే పేరు రాయించి చూపించుకుంటున్నాను. కొన్ని రాత్రులు బతకాలనే అనిపించదు. బయటపడితే నా రిజిస్ట్రేషన్ పోతుందా? నన్ను చూసే డాక్టర్ కాలేజీకి చెప్పేస్తారా?

జవాబు: పోదమ్మా. మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమావళిలో ఏవేవి తప్పులో వరుసగా రాసి ఉంది. జబ్బు చేయడం, మందులు వేసుకోవడం అందులో లేవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం, మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు. ఆ మాట తేల్చాల్సింది కోర్టు.

ఇక రెండోది. సూర్యారావుపేటలో ఏ సందు తిరిగినా తెలిసిన డాక్టరే ఎదురవుతారు కాబట్టి మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ అదే చట్టంలోని 23వ సెక్షన్ మీ వివరాలు గోప్యంగా ఉంచే బాధ్యత వైద్యుడి మీద పెట్టింది. మీ విభాగాధిపతి (హెచ్‌వోడీ) ఫోన్ చేసి అడిగినా మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. ప్రాణాపాయం, ఇతరులకు హాని జరిగే ప్రమాదం, కోర్టు ఉత్తర్వు లాంటి కొద్ది సందర్భాల్లోనే మినహాయింపు.

నాకు దిగులు కలిగించింది ఆ మారు పేరే. ఒక డాక్టర్ గారు ఇలాగే ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. లోపల ఎనిమిది నెలల ఓపీ చీటీలు, ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. డ్యూటీకి రాలేదని ఆసుపత్రి వాళ్లు ఆయనకు మెమో ఇచ్చారు. అనారోగ్యమని రుజువు చేయడానికి ఆ చీటీలే ఆధారం, కానీ అవి తనవేనని చూపించలేకపోయారు. 25వ సెక్షన్ మీ వైద్య రికార్డు అడిగి తీసుకునే హక్కు ఇచ్చింది, అది మీ పేరున ఉంటేనే కదా! 21వ సెక్షన్ ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ పాలసీ ఇవ్వాలి. అక్కడా ఈ మారు పేరే మీకు అడ్డం వస్తుంది.

అందుకని ఈసారి వెళ్లినప్పుడు మీ డాక్టర్‌కి నిజం చెప్పి, ఆధార్ చూపించి, కేసు షీట్‌లో అసలు పేరు నమోదు చేయించండి. పాత చీటీలు చించకండి, దిద్దకండి. నిద్ర లేక చేతులు వణుకుతున్న రోజున మాత్రం పేషెంట్ మీద చెయ్యి వేయకండి. మీ డాక్టర్ రాసిన సర్టిఫికెట్ పెట్టి లీవ్ అడగండి. జబ్బు పేరు వార్డులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

బతకాలనిపించడం లేదని రాశారు. ఆ మాట మీ డాక్టర్‌తో దాచకుండా చెప్పండి. కేసు అవుతుందన్న భయం వద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించకూడదనీ 115వ సెక్షన్ చెబుతోంది. అర్ధరాత్రి అలా అనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పక్క గదిలో ఉన్న స్నేహితురాలినీ లేపండి.

మెమో లాంటిది ఏదైనా వస్తే జవాబు రాసే ముందు ఆ కాగితం, మీ లీవ్ లెటర్ కాపీ పట్టుకుని లాయర్‌ను కలవండి. ఫీజు ఇబ్బందైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.