2009లో లేకర్స్ ఆర్టెస్ట్‌ని తీసుకోవడం అంత పెద్ద జూదమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదే కదా: కప్పు గెలిచిన జట్టు, చక్కగా ఆడుతున్న కుర్రాణ్ణి వదులుకుని గొడవలకు పేరుమోసిన ఫ్రీ ఏజెంట్‌ని (కాంట్రాక్ట్ ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాణ్ణి) తెచ్చుకోవడం తెలివైన పనేనా, 2009లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్ రాన్ ఆర్టెస్ట్ విషయంలో చేసినట్టు?

తెలివైన పనే అంటాను. కాకపోతే అప్పుడు అందరూ అతని కోపాన్ని చూసి భయపడ్డారు. నన్నడిగితే భయపడాల్సింది కాంట్రాక్ట్‌లో ఉన్న ఐదేళ్లను చూసి.

అప్పట్లో నేను లాస్ ఏంజెలెస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని తెలుగు కుర్రాళ్లం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, ఊరి గాలి సోకి లేకర్స్ పిచ్చోళ్లమయ్యాం. జూన్‌లో ఒర్లాండో మీద 4-1తో కప్పు కొట్టారు. పండగ మూడ్ ఇంకా దిగనేలేదు, జూలై మొదట్లోనే వార్త: మన కుర్రాడు ట్రెవర్ అరీజా హ్యూస్టన్ వెళ్తున్నాడు, హ్యూస్టన్‌లో ఉన్న ఆర్టెస్ట్ ఇక్కడికి వస్తున్నాడు. "కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేరా" అన్నాడు మా రూమ్మేట్.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. 2004 నవంబర్ 19న డెట్రాయిట్‌లో, ప్రేక్షకుల్లోంచి ఎవరో డ్రింకు కప్పు మీదికి విసిరితే, స్టాండ్స్‌లోకి ఎక్కి కొట్లాటకు దిగిన మనిషి ఆర్టెస్ట్. ఆ సీజన్‌లో మిగిలిన ఆటలన్నీ బయటే, ప్లేఆఫ్స్‌తో (సీజన్ చివర కప్పు కోసం ఆడే నాకౌట్ సిరీస్‌లతో) కలిపి 86 ఆటల సస్పెన్షన్. అంతదాకా ఎందుకు, ఆ 2009 ప్లేఆఫ్స్‌లోనే హ్యూస్టన్ తరఫున ఆడుతూ లేకర్స్ స్టార్ కోబీ బ్రయంట్ మొహంలో మొహం పెట్టి అరిచి బయటికి పంపించుకున్నాడు. ఇక్కడ అరీజా చూస్తేనేమో ఇరవై నాలుగేళ్ల వాడు, డెన్వర్‌తో సిరీస్‌లో ఆఖరి క్షణాల్లో బంతి లాగేసుకుని రెండు ఆటలు నిలబెట్టినవాడు.

ఇక డబ్బు సంగతి. సాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి, దాటేసిన జట్టు బయటి ఆటగాడికి ఇష్టమొచ్చినంత ఇవ్వకూడదు. మిడ్ లెవెల్ ఎక్సెప్షన్ అని ఒక వెసులుబాటు ఉంటుంది, ఆ వేసవిలో దాని మొదటి ఏడాది పరిమితి సుమారు 58 లక్షల డాలర్లు. ఆర్టెస్ట్ దానికే ఒప్పుకున్నాడు, ఐదేళ్లకు. అరీజా కూడా హ్యూస్టన్‌తో ఇంచుమించు అంతే మొత్తానికి, అన్నే ఏళ్లకు సంతకం పెట్టాడు. అంటే ధర ఒకటే, ఎంచుకోవాల్సింది మనిషిని. 2004లో ఉత్తమ డిఫెండర్ అవార్డు కొట్టినవాడు ఆ ధరకు దొరకడానికి కారణం అతని చెడ్డపేరే.

ఇలాంటివాణ్ణి భరించగలమా లేదా అని తేల్చడానికి నేనడిగే ప్రశ్న ఒక్కటే: తోక ఝాడిస్తే బెంచి మీద కూర్చోబెట్టగలరా? ఇది నాకు తెలిసొచ్చింది మా వారాంతపు జట్టులో. యూనివర్సిటీ జిమ్‌లో ఆడే మా దేశీ జట్టులోకి ప్రతి ఫౌల్‌కీ రిఫరీ మీదికి వెళ్లే ఒకతన్ని తీసుకున్నాం. ఆట మాత్రం మా అందరికంటే మెరుగు. మా కెప్టెన్ విజయవాడలో జిల్లా స్థాయి ఆడినవాడు, అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. మొదటిరోజే చెప్పేశాడు: "రిఫరీతో నేను మాట్లాడతా తమ్ముడూ. నువ్వు నోరు తెరిస్తే నీళ్ల బాటిళ్ల పక్కన కూర్చుంటావ్." ఒక ఆటలో మేం వెనకబడి ఉన్నా సరే, రెండో సగమంతా నిజంగానే కూర్చోబెట్టాడు. ఓడిపోయాం. ఆ తర్వాత మాత్రం అతను రిఫరీ జోలికి పోలేదు. అన్న అలా చేయగలిగాడంటే, ఆడేవాళ్లు మాకు ఇంకా ఉన్నారు కాబట్టి, అతనూ అన్న మాటను లెక్కచేశాడు కాబట్టి.

2009 లేకర్స్‌కి ఆ రెండూ ఉన్నాయి. కోచ్ ఫిల్ జాక్సన్ షికాగోలో అల్లరికి పేరుమోసిన డెనిస్ రాడ్‌మన్‌నే ఆడించుకున్న మనిషి. కోబీ, డెరెక్ ఫిషర్, పావ్ గసోల్, లమార్ ఓడమ్ చుట్టూ ఉన్నారు. ఆర్టెస్ట్ గాడి తప్పినా జట్టు తప్పదు.

ఏమైందో తెలిసిందే. జాక్సన్ ఆడించే దాడి పద్ధతి ట్రయాంగిల్ అఫెన్స్‌లో ఆర్టెస్ట్ చివరిదాకా కొత్త పెళ్లికొడుకులాగే తడబడ్డాడు. కానీ 2010 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో, ఆ సీజన్ టాప్ స్కోరర్ కెవిన్ డ్యురాంట్‌ని 35 శాతం షూటింగ్ దగ్గర ఆపిన డిఫెన్స్‌లో ముందున్నది అతనే. 2010 జూన్ 17, ఫైనల్స్‌లో బోస్టన్‌తో ఆఖరిదైన ఏడో ఆట. కోబీ 24 షాట్లలో 6 మాత్రమే వేశాడు. మూడో క్వార్టర్‌లో ఒక దశలో 13 పాయింట్లు వెనక. చివరికి నిమిషం మిగిలుండగా బంతి ఆర్టెస్ట్ చేతికొచ్చింది. మూడు పాయింట్ల లైన్ బయటినుంచి లేస్తుంటే మా గదిలో ముగ్గురం ఒకేసారి "వద్దురా!" అని అరిచాం. పడింది. 79-73. ఆట 83-79తో ముగిసింది, అతనివి 20 పాయింట్లు, 5 స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాగేసుకోవడం). గెలిచాక ఇంటర్వ్యూలో తన సైకియాట్రిస్ట్‌కి థాంక్స్ చెప్పాడు. అలా బహిరంగంగా చెప్పే ఆటగాళ్లు అప్పట్లో చాలా అరుదు. నాకు ఆ షాట్ కంటే అదే ఎక్కువ నచ్చింది.

కథ అక్కడ ఆగిపోతే మీ ప్రశ్నకు జవాబు తేలికయ్యేది. 2011లో డాలస్ 4-0తో ఊడ్చేసింది, ఆ సిరీస్‌లో డాలస్ ఆటగాడు బరేయా మీద చేయి చేసుకుని ఆర్టెస్ట్ ఒక ఆట సస్పెండయ్యాడు. ఫిల్ జాక్సన్ వెళ్లిపోయాడు. డిసెంబర్‌లో ఓడమ్‌ని పంపేశారు, 2012 మార్చిలో ఫిషర్‌ని కూడా. ఏప్రిల్‌లో, అప్పటికి మెటా వరల్డ్ పీస్ అని పేరు మార్చుకున్న ఆర్టెస్ట్, ప్రత్యర్థి ఆటగాడు జేమ్స్ హార్డెన్ తలకి మోచేయి విసిరి 7 ఆటలు బయట కూర్చున్నాడు. పట్టుకునేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కాంట్రాక్ట్ మాత్రం మిగిలింది. 2013లో, జీతం చెల్లిస్తూనే ఆటగాణ్ణి జట్టు జీతాల లెక్కలోంచి తీసేయనిచ్చే ఆమ్నెస్టీ నిబంధన వాడి వదిలించుకున్నారు.

అందుకే 2018లో ఇంకో ఎన్‌బీఏ జట్టు వారియర్స్ డిమార్కస్ కజిన్స్‌ని తీసుకున్నప్పుడు నాకు కంగారనిపించలేదు. మడమ పైనుండే అకిలీస్ స్నాయువు తెగినవాడే, నిజమే. కానీ ఒక్క ఏడాది, సుమారు 53 లక్షల డాలర్లు. 30 ఆటలాడాడు, ప్లేఆఫ్స్ మొదట్లోనే తొడ కండరం దెబ్బతింది, ఫైనల్స్‌కి కుంటుతూ తిరిగొచ్చాడు, జట్టు టొరాంటో చేతిలో ఓడింది. ఆ ఓటమికి డ్యురాంట్, క్లే థాంప్సన్‌ల గాయాలు కారణం గానీ కజిన్స్ కాదు. వేసవిలో అతను లేకర్స్‌కి వెళ్లాడు, వారియర్స్ పుస్తకాల్లో అతని పేరు మీద పైసా బాకీ లేదు.