దూరదర్శన్ ఫ్రీగా ఇస్తే చిన్న ఓటీటీలు బతకవా?

ప్రశ్న: మా తమ్ముడు గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీల మీద ఆరు భాగాల సిరీస్ తీశాడు. ఒక చిన్న తెలుగు ఓటీటీ వాళ్లకి చూపిస్తే బాగుందన్నారు, తీరా రేటు దగ్గరికొచ్చేసరికి "దూరదర్శన్ వాళ్లు వేవ్స్ యాప్‌లో అన్నీ ఫ్రీగా పెడుతుంటే మాకు చందా ఎవరు కడతారండీ" అని వెనక్కి తగ్గారు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ ఇలా చేయొచ్చా? బ్రిటన్‌లో బీబీసీని ఇలాగే ఆపేశారని విన్నాను, నిజమేనా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఫ్రీగా ఇచ్చినంత మాత్రాన చట్టం తప్పు పట్టదమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మార్కెట్లో పోటీని కాపాడే మన కాంపిటీషన్ చట్టం, 2002 ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తుంది, వ్యాపారం చేస్తే చాలు. కానీ ఖర్చు కంటే తక్కువకి ఇచ్చి అవతలివాళ్లని మూయించారని నిలబెట్టాలంటే, ముందు ఆ సంస్థకి మార్కెట్ మీద పెత్తనం ఉండాలి. 2024 నవంబరులో గోవా ఫిల్మ్ ఫెస్టివల్‌లో మొదలైన వేవ్స్‌కి ఓటీటీల్లో అంత పెత్తనం ఎక్కడిది? పెత్తనం గురించి బెంగ పడాలంటే అదే ఏడాది ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ షరతులతో ఒప్పుకున్న రిలయన్స్, డిస్నీ టీవీ, ఓటీటీ వ్యాపారాల విలీనం గురించి పడాలి.

బీబీసీ సంగతి మీరు విన్నది సగమే నిజం. విడిగా చందా అడగకుండా బీబీసీ కార్యక్రమాలు చూపించే ఐప్లేయర్‌ని ఎవరూ ఆపలేదు, అది 2007 క్రిస్మస్ రోజున మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఆపింది 'ప్రాజెక్ట్ కంగారూ'ని. బీబీసీ వ్యాపార విభాగం, ఐటీవీ, ఛానల్ 4 కలిసి పెట్టాలనుకున్న ఉమ్మడి వీడియో సర్వీసు అది. 2009 ఫిబ్రవరిలో అక్కడి కాంపిటీషన్ కమిషన్ వద్దనేసింది. కోల్డ్ స్టోరేజీల్లో సరుకంతా ముగ్గురు షావుకార్ల దగ్గరే ఉండి, ఆ ముగ్గురూ ఒకే కొట్టు తెరిస్తే బయటివాడికి సరుకెలా దొరుకుతుంది? కమిషన్ భయం సరిగ్గా అదే: బ్రిటిష్ టీవీ కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఆ ముగ్గురివే కాబట్టి తమలో తాము పోటీపడటం మానేస్తారు, బయటివాళ్లకి అమ్మరు, అమ్మినా రేటు పెంచేస్తారు. జర్మనీలో ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ అనే ప్రజా టీవీ సంస్థలు ఇలాంటిదే తలపెట్టి, రేటూ కార్యక్రమాల ఎంపికా కలిసి చేసుకోవడం కుదరదని అక్కడ పోటీ వ్యవహారాలు చూసే కార్టెల్ ఆఫీసు అభ్యంతరం చెప్పడంతో 2013లో మానుకున్నాయి.

నన్నడిగితే బ్రిటన్ కమిషన్ భయం న్యాయమైనదే గానీ మందు డోసు ఎక్కువైంది. అందరికీ ఒకే షరతుల మీద కార్యక్రమాలు అమ్మాలని కట్టడి చేసి వదిలితే పోయేది. మూడేళ్లు తిరక్కుండా, 2012 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ అక్కడికి వచ్చేసింది, బీబీసీ, ఐటీవీ కలిసి బ్రిట్‌బాక్స్ అనే ఓటీటీ తెచ్చేసరికి 2019 నవంబరు! అదే ఏడాది ఐప్లేయర్‌లో కార్యక్రమాలు 30 రోజులు కాకుండా ఏడాది పాటు ఉంచుకోవడానికి అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఒప్పుకుంది, మిగతా ఛానళ్లకి కొంత దెబ్బేనని తెలిసీ, జనానికి జరిగే మేలు ఎక్కువని లెక్కేసుకుని. ఆ లెక్కలు పైకి కనపడేలా వేశారు, జనం అభిప్రాయం అడిగారు. ఇక్కడ నాకు కావాల్సింది అదే. విజయవాడ సప్తగిరి ఛానల్‌తో సహా దూరదర్శన్ దగ్గర మన డబ్బుతో తీసిన పాత కార్యక్రమాలు బోలెడున్నాయి, వాటిని వేవ్స్‌కే కట్టిపడేయకుండా మీ తమ్ముణ్ని వెనక్కి పంపిన ఆ చిన్న ఓటీటీకి కూడా అందరితో సమానమైన రేటుకి ఇవ్వాలి. వేవ్స్‌లోకి ఎవరి సిరీస్ తీసుకుంటారు, ఎంతిస్తారు అన్నది కూడా రాసి బయటపెట్టాలి. ఇది గట్టిగా అడగాల్సిన విషయం.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. వేవ్స్‌కి ఇచ్చినా ఇంకెవరికి ఇచ్చినా, అగ్రిమెంట్‌లో హక్కులు వాళ్లొక్కరికేనా, ఎన్నేళ్లకి, డబ్బింగ్ హక్కు ఎవరిది, యూట్యూబ్‌లో తను పెట్టుకోవచ్చా, ఈ నాలుగూ చూడకుండా సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: క్రికెట్ మ్యాచ్ డీడీ ఫ్రీ డిష్‌లో వస్తుంటే మా కేబుల్‌లో డీడీ ఛానల్ పెట్టినా రావట్లేదు. జనం మమ్మల్ని తిడుతున్నారు.
- ఒక కేబుల్ ఆపరేటర్, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: తప్పు మీది కాదండీ. ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని ప్రైవేటు ఛానళ్లు దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి ఇచ్చి తీరాలని 2007 చట్టం చెప్పింది గానీ, అది దూరదర్శన్ సొంత టవర్లకీ, దాని డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్‌కీ మాత్రమే. కేబుల్‌కి ఆ సిగ్నల్ వెళ్లకూడదని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది, లేకపోతే డబ్బు పోసి హక్కులు కొన్న ఛానల్‌ని కేబుల్లో ఎవరు కొంటారన్నది ఆ ప్రైవేటు ఛానళ్ల వాదన. ఈ ముక్క ఒక కాగితం మీద రాసి మీ ఆఫీసు గోడకి అంటించండి, అడిగినవాళ్లకి చూపించొచ్చు.