చూసిందేదో, లెక్కగట్టిందేదో

చిరంజీవికి,

కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. మరుగుజ్జు గెలాక్సీల మీద తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. వాక్యం కూడా హాయిగా నడుస్తోంది. అయితే "ఈ గెలాక్సీ వయసు ఇంత, అందులో లోహాలు ఇంత అని శాస్త్రవేత్తలు చూశారు" అన్నావే, పేచీ అక్కడే. వాళ్ళు చూసింది వెలుగును. మిగతాదంతా లెక్కగట్టిందే.

ఆ లెక్క ఎట్లా కడతారో చెప్పకుండా దాటేశావు. అసలు కథ అదే అబ్బాయ్. దూరపు గెలాక్సీలో నక్షత్రాలు విడివిడిగా కనపడవు. అన్నిటి వెలుగూ కలిసి ఒక్క వర్ణపటంగా (రంగులవారీగా విడదీసిన వెలుగు పట్టీగా) వస్తుంది. అందుకని కంప్యూటర్లో ఒక నక్షత్రాల గుంపును పుట్టిస్తారు, దాన్నే నమూనా అంటారు. ఎంత బరువువి ఎన్ని పుట్టాలో 1955 నాటి సాల్‌పీటర్ సూత్రమో, ఆ తర్వాత వచ్చినవో చెబుతాయి. వాటి వెలుగంతా కూడి, టెలిస్కోపుకు అందిన వెలుగుతో పోలుస్తారు. 1960ల చివర్లో ఈ దారి వేసినవాళ్ళలో ఖగోళ శాస్త్రవేత్త బియట్రిస్ టిన్‌స్లీ ముఖ్యురాలు. ఆమెకు ఒక్క వాక్యమైనా ఇవ్వు.

చిక్కేమిటంటే, నక్షత్రాలు ముసలివైనా వెలుగు ఎర్రబడుతుంది, లోహాలు (హీలియం కంటే బరువైన మూలకాలన్నీ ఖగోళ శాస్త్రవేత్తలకు లోహాలే) పెరిగినా ఎర్రబడుతుంది. మన చేపల పులుసు నోట్లో వేసుకుని, ఈ పులుపులో చింతపండుది ఎంత, మామిడికాయది ఎంత అని తేల్చమన్నట్టు ఉంటుంది. రంగొక్కటే చాలదు, వర్ణపటంలో ఒక్కో మూలకం వేసే గీతలూ చూడాలి.

గీతల దగ్గర ఇంకో తంటా. ఐ జ్వికీ 18 అనే మరుగుజ్జు గెలాక్సీ వాయువులో ఆక్సిజన్ పాలు సూర్యుడిలో ఉన్నదానిలో సుమారు 3 శాతమే. దాని వర్ణపటంలో 4686 ఆంగ్‌స్ట్రామ్‌ల (వెలుగు తరంగం పొడవును కొలిచే ప్రమాణం) దగ్గర అయనీకృత హీలియం, అంటే ఎలక్ట్రాన్ ఊడిన హీలియం, గీత కనిపిస్తుంది. అది రావాలంటే 54.4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాటిన ఫోటాన్లు (వెలుగు కణాలు) కావాలి. మామూలు నమూనాల్లోని నక్షత్రాలు అవి చాలినన్ని ఇవ్వవు. జంటలో పైపొర ఊడిన నక్షత్రాలా, ఎక్స్‌-కిరణాలు చిమ్మే జంట నక్షత్రాలా, ఇంకేమైనానా? వాదన తెగలేదు. "అనంత విశ్వంలో" అని కాకుండా ఈ గీతతోనే మొదలుపెట్టు.

నమూనా ఎందుకు తడబడుతుందో కూడా చెప్పాలి. పోల్చి సరిచూసుకోవడానికి లోహాలు అంత తక్కువున్న భారీ నక్షత్రాలు మన చుట్టుపక్కల లేవు. మన పొరుగు గెలాక్సీ చిన్న మెగల్లానిక్ మేఘంలో కూడా లోహాలు సూర్యుడిలో ఉన్నవాటిలో అయిదో వంతు ఉన్నాయి. అంతకు దిగువన సిద్ధాంతమే ఎక్కువ దిక్కు. పైగా గెలాక్సీ చిన్నదైతే సూత్రం 0.4 భారీ నక్షత్రం అంటుంది, ఆకాశంలో మాత్రం ఒకటి ఉంటుంది, లేదంటే ఉండదు!

శ్రీహరికోట నుంచి 2015లో వెళ్ళిన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను చివర్లో పొగడ్తగా తగిలించావు. (శ్రీహరికోట ఇప్పుడు మన నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయినా మనం మనదనకుండా ఉంటామా!) వేడి నక్షత్రాల వెలుగు ఎక్కువగా అతినీలలోహితంలోనే ఉంటుంది. దాని మీదున్న ఒక టెలిస్కోపు పట్టేదీ ఆ వెలుగునే. ఆ మాట వచ్చేచోటికి దాన్ని జరుపు.

వయసు రాసిన ప్రతిచోటా ఏ నమూనాతో వచ్చిందో పక్కనే రాయి. రెండు నమూనాలు రెండు వయసులిస్తే రెండూ వెయ్యి. ఎడిటరు జాగా లేదంటే పాలపుంత వర్ణన కొట్టెయ్.