గ్యారేజీ పక్క తలుపు కోసం మూడు లక్షల లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: వనస్థలిపురంలో మాది ఇండిపెండెంట్ ఇల్లు. వెనకాల విడిగా గ్యారేజీ ఉంది, దానికి రోలింగ్ షట్టర్ ఒక్కటే దారి. కారు వారానికోసారి తీస్తాం గానీ సిలిండర్, సైకిల్, పాత సామాన్ల కోసం రోజూ నాలుగైదు సార్లు షట్టర్ ఎత్తాల్సి వస్తోంది. అమ్మకు భుజం నొప్పి. పక్క గోడకు తలుపు పెట్టడానికి మేస్త్రీ గంపగుత్తగా 65 వేలు అడిగాడు. బ్యాంకువాళ్ళేమో 14 శాతానికి 3 లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉందంటున్నారు, మిగతా డబ్బుతో టైల్స్, రంగులు కూడా అయిపోతాయి కదా అనిపిస్తోంది. జీతం 75 వేలు, ఇంటి ఖర్చులు 50 వేలు, చిట్టీ 15 వేలు. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా? తలుపు పెడితే ఇంటి విలువ పెరుగుతుందా?

జవాబు: లోన్ వద్దు. 3 లక్షలు 14 శాతానికి మూడేళ్ళు పెట్టుకుంటే నెలకు ఈఎంఐ సుమారు 10,250 పడుతుంది, మొత్తం తీరేసరికి వడ్డీయే దాదాపు 69 వేలు, అంటే మీరు పెట్టించుకోవాలనుకుంటున్న తలుపు కంటే వడ్డీయే ఎక్కువ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. మీకు నెలకు మిగిలేదే పది వేలు. అది మొత్తం మూడేళ్ళపాటు బ్యాంకుకే పోతే, మధ్యలో అమ్మకు ఏదైనా ఆస్పత్రి ఖర్చు వస్తే మళ్ళీ అప్పే కదా. పైగా టైల్స్, రంగులు కావాలని మీకు నిన్నటిదాకా లేదు, బ్యాంకువాళ్ళు ఆ అంకె చెప్పాకే గుర్తొచ్చాయి.

అన్నిటికంటే ముందు ఒక చిన్న పని చేయించండి. రోలింగ్ షట్టర్ పైన రాడ్డుకు స్ప్రింగులు ఉంటాయి, షట్టర్ బరువు మోసేది అవే. ఏళ్ళు గడిచాక అవి పట్టు వదిలేస్తాయి, పక్క గైడుల్లో దుమ్ము, తుప్పు పేరుకుంటాయి, అప్పుడు షట్టర్ బరువెక్కినట్టు అవుతుంది. షట్టర్ రిపేరు చేసే మనిషిని పిలిచి స్ప్రింగులు బిగించడమో మార్చడమో చేయించి, గ్రీజు పెట్టిస్తే తలుపు ఖర్చులో చిన్న వంతుతోనే అమ్మకు ఈ వారమే కొంత తేలిక. దానితోనే సరిపోతే తలుపు ఆలోచన మానేయొచ్చు. కానీ రోజుకు నాలుగైదు సార్లంటే తలుపు అవసరమేనని నాకూ అనిపిస్తోంది, అందుకే దాన్ని వాయిదా వేయమంటున్నాను గానీ వద్దనడం లేదు.

ఇక ఆ 65 వేలు. గంపగుత్త మాటకు ఒప్పుకోకండి, లేబర్ ఎంత, మెటీరియల్ ఎంత, తలుపు, ఫ్రేమ్ ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపంటే 21 చదరపు అడుగులే, అసలు పని అంతా గోడలో ఉంటుంది. పైన స్లాబు ఉండి, ఆ బరువు గోడే మోస్తుంటే, ముందు పైభాగంలో గాడి కొట్టి లింటల్ (తలుపు మీద గోడ బరువు మోసే కాంక్రీటు దిమ్మె) వేసి, అది రెండు వైపులా కనీసం ఆరంగుళాలు గోడ మీద కూర్చునేలా చూసి, వారం రోజులైనా నీళ్ళు పట్టి, ఆ తర్వాతే కింది ఇటుకలు తీయాలి. ముందే పోసి ఆరిన లింటల్ తెస్తే ఆ వారం ఆగక్కర్లేదు. రేకుల షెడ్డయితే పని ఇంకాస్త తేలిక, రేటూ తగ్గాలి. "లింటల్ అక్కర్లేదు సార్, ఏం కాదు" అనే మేస్త్రీకి ఎంత తక్కువకైనా పని ఇవ్వకండి, తర్వాత వచ్చే పగుళ్ళకు డబ్బు మీరే పెట్టాలి. కొట్టబోయే చోట కరెంటు పైపు ఉందేమో చూసుకోండి. దర్వాజా చెక్కది వద్దు, గ్యారేజీలో తేమకు చెదలు పడుతుంది, జీఐ స్టీల్‌ది, అంటే జింకు పూత వేసిన ఉక్కుది మంచిది. తలుపు బయటికి తెరుచుకుంటే కారుకు తగలదు, అయితే పైన చిన్న సజ్జ ఉండాలి. ఇంట్లో వాస్తు పట్టింపు ఉంటే గోడ కొట్టకముందే అడగండి, ఒకసారి పెట్టిన తలుపు మళ్ళీ మార్చాలంటే ఖర్చు రెట్టింపు.

డబ్బు సంగతి. నెలకు మిగిలే పది వేలు ఇప్పటినుంచి బ్యాంకులో ఒక ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేస్తూ పొండి, ఆరు నెలలయ్యేసరికి చాలావరకు చేతికొస్తుంది, గోడ పనికి వానలు లేని రోజులే అనువు. అంతదాకా ఆగలేకపోతే ఎఫ్‌డీ మాత్రం విరగ్గొట్టకండి, చాలా బ్యాంకులు గడువుకు ముందే తీస్తే అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత పెడతాయి, అదీ డబ్బు ఎన్నాళ్ళుందో ఆ కాలానికి ఉన్న రేటు మీద. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీని హామీగా ఉంచి కావాల్సినంతే వాడుకునే అప్పు. ఎఫ్‌డీ రేటుకు ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది, వాడిన డబ్బుకే వడ్డీ. 8 శాతమనుకుంటే, 65 వేలు నెలకు పదేసి వేలు తీర్చుకుంటూ పోతే మొత్తం వడ్డీ సుమారు 1,600. పైన చెప్పిన 69 వేల పక్కన పెట్టి చూడండి.

ఇంటి విలువ పెరగదు. కొనేవాళ్ళు జాగా, రోడ్డు, కట్టడం వయసు చూస్తారు, గ్యారేజీ తలుపుకు ఎవరూ రూపాయి ఎక్కువివ్వరు. అయినా బిల్లులు దాచుకోండి. ఇల్లు అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కలో ఇలాంటి ఖర్చును ఇంప్రూవ్‌మెంట్ కింద ఖరీదులో కలిపి చూపొచ్చు, కాగితం లేకపోతే కుదరదు.

కొత్త తలుపంటే దొంగకూ కొత్త దారే, కాబట్టి తాళం దగ్గర పొదుపు చేయకండి. ఇంటికి భారత్ గృహ రక్ష అనే బీమా పాలసీ ఉంటే అందులో గ్యారేజీకి కూడా కవర్ ఉంటుంది, కానీ మామూలు దొంగతనానికి ఉండదు, అగ్నిప్రమాదమో వరదో జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా అయ్యే దొంగతనానికే ఉంటుంది. దొంగతనం కవర్ విడిగా తీసుకోవాలి.

మేస్త్రీకి డబ్బు మూడు విడతల్లో ఇవ్వండి: మొదట్లో కొంత, లింటల్ అయ్యాక కొంత. ఆఖరి విడత మాత్రం తలుపు సాఫీగా పడుతోందని, గడప బయట రెండు బకెట్ల నీళ్ళు పోస్తే చుక్క కూడా లోపలికి రావడం లేదని మీ కళ్ళతో చూశాకే.