కొత్తగా బృందగానం నేర్పబోతున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నలభైమంది పిల్లల చేత కలిసి పాడించాలి, మొదట ఏ పాట ఎత్తుకోవాలి అని అడిగావు. పాట కన్నా ముందు శ్రుతి సంగతి తేల్చుకో. చాలాసార్లు బృందగానం చెడేది అక్కడే. నేర్పేవారు తమ గొంతుకు హాయిగా ఉన్న శ్రుతిలో మొదలుపెడతారు. అది పిల్లలకు మరీ కిందవుతుంది, దాంతో మాట్లాడే గొంతుతోనే అరుస్తారు. 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకు కీబోర్డు మీద నడిమి సి పక్కనున్న డి నుంచి పై డి దాకా సుఖంగా ఉంటుంది. పాటలో అన్నిటికన్నా కింది స్వరం, పై స్వరం చూసుకుని, రెండూ ఆ హద్దులో పడేలా షడ్జం, అంటే 'స', పెట్టు. రికార్డులో ఏ శ్రుతి ఉందన్నది నీకు అక్కర్లేదు.

పీరియడులో మొదటి 5 నిమిషాలు గొంతు సవరింపుకే. 'స్' అంటూ సన్నగా గాలి వదులుతూ 8 లెక్కలు, కొన్నాళ్లకు 12. భుజాలు పైకి లేస్తుంటే ఊపిరి పైపైనే తీస్తున్నారన్నమాట. తర్వాత 'ఊ' అంటూ పైనుంచి కిందికి జారించు. అరుపు తగ్గి పలుచని పైగొంతు బయటపడేది దీనితోనే. ఆపైన ప మ గ రి స 'నూ' మీద, ప్రతిసారీ అర మెట్టు, అంటే కీబోర్డు మీద పక్క మీటకు, పెంచుతూ నాలుగైదు సార్లు.

పిల్లలు పాడేటప్పుడు నీ నోరు మూసుకో. ఇది కష్టం, కానీ తప్పదు. ఒక పంక్తి నువ్వు పాడు, వాళ్లు వినాలి. తర్వాత వాళ్లు పాడాలి, నువ్వు వినాలి. వాళ్లతో కలిసి పాడితే తప్పెక్కడో నీకు వినిపించదు, వాళ్లూ నీ గొంతు మీద ఆనుకుంటారు. కీబోర్డు మీద వరస మొత్తం వాయించినా అంతే. తంబురా శ్రుతి చాలు. ఒకసారికి ఒక్క తప్పే దిద్దు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక పంక్తి చివర ఒక్కొక్కరూ ఒక్కో చోట వదిలేస్తారు. ఎన్నో లెక్క మీద ఆపాలో ముందే చెప్పి, చేత్తో ముగించు.

శ్రుతిలో కలవని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 'నువ్వు పెదాలాడించు చాలు' అని ఎన్నడూ అనకు. ఆ బిడ్డ ఇక పాడదు. ఆ బిడ్డ ఏ స్వరం పలికితే ముందు నువ్వే ఆ స్వరానికి వెళ్లు. రెండు గొంతులు కలిసినప్పుడు ఎలా ఉంటుందో దానికి తెలియాలి. అక్కణ్నుంచి మెల్లగా పైకి తీసుకురా. నిలకడైన గొంతులున్న ఇద్దరి మధ్య కూర్చోబెట్టు.

స్వరాలు మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టాలన్నది మన అలవాటు. కొత్త గుంపుకు దాని రి, ద ఇరుకు; స కు రి, ప కు ద అర మెట్టు దూరంలోనే ఉంటాయి. హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్ (1882–1967) పేరు మీదున్న పద్ధతిలో మొదట పట్టించేది మన ప–గ లాంటి అంతరం. నువ్వూ ప గ, తర్వాత ప ద ప గ, ఆపైన రి, స చేర్చు. మోహన రాగం స్వరాలన్నీ చేతికొచ్చినట్టే.

ఆ మోహనలోనే రెండు జట్లుగా పాడించవచ్చు. ఆది తాళంలో, అంటే ఆవర్తానికి 8 లెక్కల చొప్పున, నాలుగు ఆవర్తాల వరస తీసుకో. ఒక జట్టు మొదలుపెట్టిన 8 లెక్కలకు రెండోది అందుకోవాలి. మోహనలో అర మెట్లు లేవు కనుక గొంతులు కర్కశంగా ఢీకొనవు. అయితే నీ సాయం లేకుండా అందరూ ఒకే గొంతుగా పాడగలిగాకే దీనికి దిగు.

మధ్యలో శ్రుతి దిగిపోతుంటే తిట్టకు. ఒకే స్వరం పదేపదే వచ్చే చోట, వరస కిందికి దిగే చోట జారుతుంది. షడ్జం అర మెట్టు పెంచి చూడు, చాలాసార్లు సర్దుకుంటుంది.

12, 13 ఏళ్ల మగపిల్లల గొంతు మారుతుంటే బృందంలోంచి తీసెయ్యకు. వాళ్లకు అందే నాలుగైదు స్వరాల్లో ఒక కింది వరస అల్లి ఇవ్వు, నెలకోసారి ఆ హద్దు మళ్లీ చూడు.

రెండు వారాలయ్యాక ఒక పాట రికార్డు చేసి పంపు. ఎక్కడ జారుతోందో విని రాస్తాను.