భర్తీ చేసేది మనిషినా, ఖాళీనా?

సందేహం: ఒక ఉద్యోగ ప్రకటనను తెలుగు చేస్తూ ‘జంతు పర్యావరణం మరియు పరిణామంలో అధ్యాపకుడిని విశ్వవిద్యాలయం భర్తీ చేయనున్నది’ అని రాశాను. ఎక్కడో తేడాగా ఉంది. సరిచేస్తారా?

సమాధానం: ‘భర్తీ’ అంటే నింపడం. నింపేది ఖాళీని. కాబట్టి పోస్టును భర్తీ చేస్తారు, మనిషిని నియమిస్తారు. మీ వాక్యం చదివితే పాపం ఆ అధ్యాపకుణ్ణి ఏదో సంచిలో కుక్కుతున్నట్టుంది.

అసలు చిక్కు ‘పర్యావరణం’తోనే. అది మన చుట్టూ ఉన్న గాలి, నీరు, నేల. ప్రాణులకు వాటితోనూ, తమలో తమకూ ఉండే సంబంధాలను పరిశీలించే శాస్త్రం వేరు. దానికి 1866లో జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్, ‘ఇల్లు’ అనే అర్థమున్న గ్రీకు మాట తీసుకుని పేరు పెట్టాడు. అదే ఎకాలజీ. మన పాఠ్యపుస్తకాల్లో ఆవరణశాస్త్రం, జీవావరణశాస్త్రం అని ఉంటుంది. మీ ప్రకటనలో ఉన్నది ఈ శాస్త్రమే. విశ్వవిద్యాలయానికి కావలసింది ఒక వాగులో కప్పలు ఎందుకు తగ్గాయి, పాములు తినడం వల్లా, నీరు వేడెక్కడం వల్లా అని తేల్చే మనిషి. మీరు ‘పర్యావరణం’ అని వేస్తే పొగ గొట్టాల దగ్గర కాలుష్యం కొలిచేవాళ్లు దరఖాస్తు పెడతారు.

‘జంతు’ను ‘ఆవరణ’తో కలిపి ‘జంత్వావరణ’ అనవచ్చు, యణాదేశ సంధి. వ్యాకరణం ఒప్పుకుంటుంది, చదివేవాడికే టెన్షన్. వద్దు.

‘పరిణామం’ మంచి మాట. పాలు పెరుగు కావడమే దానికి మన దర్శనాల్లో పాత ఉదాహరణ. కానీ ఒంటరిగా వదిలితే ‘తీవ్ర పరిణామాలుంటాయి’ అనే బెదిరింపు గుర్తొస్తుంది. పక్కన ‘శాస్త్రం’ ఉండాలి. ప్రూఫు కూడా జాగ్రత్తగా చూడండి: ణ, మ చోట్లు మారితే ‘పరిమాణం’, అంటే ఏనుగు ఎంత పెద్దదో కొలిచే శాస్త్రం!

‘మరియు’ బదులు కామా చాలు. ‘పరిణామంలో అధ్యాపకుడు’ అన్నది ఇంగ్లీషు వాసన. పైగా ‘అధ్యాపకుడు’ అంటే ఆడవాళ్లు అర్హులు కారనుకుంటారు. ‘అధ్యాపక పోస్టు’ అంటే ఆ గొడవే లేదు. ‘జంతువుల’ అని మొదట పెడితే రెండు శాస్త్రాలకూ వర్తిస్తుంది.

ఇలా రాయండి: ‘జంతువుల ఆవరణ, పరిణామ శాస్త్రాల అధ్యాపక పోస్టును విశ్వవిద్యాలయం భర్తీ చేయనుంది.’