సొంత కార్డుతో షాపుకు కొన్న సామాన్ల మీద జీఎస్టీ క్రెడిట్ వస్తదా?

ప్రశ్న: హనుమకొండలో బావమరిదితో కలిసి పార్ట్‌నర్‌షిప్ మీద ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు పెట్టిన. రెగ్యులర్ జీఎస్టీ ఉంది. షాపు కరెంట్ అకౌంట్‌ల పైసలు లేక లాప్‌టాప్, ఏసీ నా క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద, ఇంకులు నా ఫోన్‌పే నుంచి కొన్న. కట్టిన జీఎస్టీ వాపసు వస్తదా?

జవాబు: వస్తుంది. పైసలు ఎవరి జేబులోంచి పోయినయన్నది ఇక్కడ అడ్డు కాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 16 చూసేవి వేరే ఉన్నాయి. బిల్లు షాపు పేరు మీద, షాపు జీఎస్టీ నంబరుతో ఉండాలి. సరుకు మీకు అంది ఉండాలి. అమ్మినవాళ్లు దాన్ని తమ జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) చూపించి పన్ను కట్టాలి. ఆ బిల్లు మీ జీఎస్టీఆర్-2బిలో, అంటే అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్‌లో మీకు తయారయ్యే పట్టికలో, కనపడాలి. ఇంకోటి, వాపసు అంటే బ్యాంకులో పడే డబ్బు కాదు. ఫ్లెక్సుల మీద మీరు వసూలు చేసి కట్టాల్సిన పన్నులోంచి అంత తగ్గుతుంది, దీన్నే క్రెడిట్ అంటారు.

కాబట్టి ముందు బిల్లులు బయటికి తీసి, కొన్నవారి వివరాల దగ్గర చూడండి. 36తో మొదలయ్యే మీ 15 అక్షరాల నంబరు అక్కడ ఉందా? సొంత కార్డుతో కొన్నప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కార్డు మీద ఉన్న పేరే బిల్లు మీద కొట్టిస్తారు, నంబరు వేయించరు. అప్పుడు అది బీ2సీ (మామూలు కస్టమర్లకు చేసిన) అమ్మకం కింద మొత్తంలో కలిసిపోతుంది, మీ 2బికి రానే రాదు. షాపు ఒక్కరిదే అయితే యజమానికీ షాపుకూ పాన్ ఒకటే కాబట్టి పేరుతో పెద్ద పేచీ ఉండదు, కానీ నంబరు మాత్రం ఉండాల్సిందే. మీది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి పేరు, నంబరు రెండూ ఫర్మ్‌వే కావాలి.

నంబరు లేకపోతే వెంటనే దుకాణానికి పోండి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11. ఆలోపు అడిగితే పాత బిల్లు రద్దు చేసి కొత్తది ఇవ్వడం వాళ్లకు తేలికే. రిటర్ను వేసేశాక అడిగితే, బీ2సీ మొత్తంలోంచి తగ్గించి మీ నంబరు మీద బీ2బీగా (వ్యాపారికి చేసిన అమ్మకంగా) ఎక్కించాలి. చాలామంది ఆ పని పెట్టుకోరు. తెల్లకాగితం మీద 'ఈ సరుకు ఫలానా షాపుదే' అని రాయించుకుంటే క్రెడిట్ రాదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడైతే ఆర్డరు కొట్టకముందే నంబరు ఎక్కించండి. బిల్లు తయారయ్యాక మామూలుగా మార్చరు.

2బి ప్రతి నెలా 14న తయారవుతుంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే దుకాణమైతే బిల్లు ఆలస్యంగా కనపడొచ్చు, కనపడ్డాకే తీసుకోండి. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా మీరు వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందైతే అదే ఆఖరి గడువు.

ఇక లెక్క రాయడం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో 59,000కు లాప్‌టాప్ కొన్నారనుకోండి. కంప్యూటర్ ఖాతా డెబిట్ 50,000, ఇన్‌పుట్ సీజీఎస్టీ (కేంద్రం వాటా) 4,500, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 4,500, మీ పార్ట్‌నర్ కరెంట్ ఖాతా క్రెడిట్ 59,000. అంటే ఫర్మ్ మీకు 59,000 బాకీ. తరుగుదల (వస్తువు విలువ ఏటా తగ్గినట్టు రాసుకునే ఖర్చు) 50,000 మీదే వేయాలి. 59,000 మీద వేస్తే పన్ను భాగానికి కూడా తరుగుదల తీసుకున్నట్టవుతుంది, ఆ 9,000 క్రెడిట్ పోతుంది. బిల్లుకు కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ లైను ఉన్న పేజీ, ఫోన్‌పే రసీదు జతచేసి పెట్టండి. డబ్బు తిరిగి తీసుకునేటప్పుడు షాపు అకౌంట్ నుంచే పంపించుకొని, ఏ బిల్లుకో రాయండి.

180 రోజుల నిబంధన గురించి కంగారు వద్దు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో అమ్మినవాళ్లకు డబ్బు ముట్టాలన్నదే అది. కార్డు గీకినప్పుడే వాళ్లకు మీరు ఫర్మ్ తరఫున కట్టేశారు, ఈఎంఐ మీకూ బ్యాంకుకూ మధ్య సంగతి. ఫర్మ్ మీకు ఏడాది తర్వాత ఇచ్చినా ఈ క్రెడిట్‌కు ఏమీ కాదు. అయితే ఈఎంఐ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజుల మీద బ్యాంకు వేసే జీఎస్టీ మీ సొంత పేరు మీద పడుతుంది, దాన్ని షాపు లెక్కలో కలపొద్దు.

ఇంకులు నగదు ఇచ్చి కొన్నా జీఎస్టీకి అడ్డేమీ లేదు. కానీ ఒకరికే ఒక్కరోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఆ ఖర్చు ఒప్పుకోరు.

ఏసీ షాపులో బిగిస్తే క్రెడిట్ ఉంది, ఇంట్లో బిగిస్తే లేదు. లాప్‌టాప్ ఇంటికీ షాపుకూ వాడితే షాపు వాటా వరకే. బైకు, కారు, భోజనాల బిల్లులకు మీలాంటి షాపుకు రాదు. సరుకు మోసే ట్రాలీ ఆటోకు వస్తుంది. పెట్రోలు, డీజిలు జీఎస్టీలోనే లేవు. షాపు పని మీద విజయవాడలో లాడ్జిలో దిగితే, నంబరు వేయించినా ఆ పన్ను ఆంధ్రప్రదేశ్‌ది, తెలంగాణ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు.

ఈ కొనుగోళ్లలో ఏవైనా జీఎస్టీ నంబరు రాకముందువైతే సంగతి మారుతుంది. స్టాకులో మిగిలి ఉన్న ఇంకులు, ఫ్లెక్స్ రోళ్లకు, బిల్లుకు ఏడాది దాటకపోతే, ఐటీసీ-01 ఫారంతో అడగొచ్చు. దాని గడువు 30 రోజులు, క్రెడిట్ 2 లక్షలు దాటితే సీఏ సర్టిఫికెట్ కావాలి. లాప్‌టాప్, ఏసీల వంటి ఆస్తులకు మాత్రం ఈ దారిలో రాదు.